కాగితాల్లో పెళ్లికాని పెన్షనరు

మధ్యాహ్నం పన్నెండున్నరకు పెన్షన్ ఆఫీసు నుంచి వచ్చాను. మీ కాగితాల్లో నా పేరు లేదు.

ఏమండీ, లేవగానే రేడియో కింద పెట్టిన ఫారం చూడండి. చివరి పేజీలో రెండు చోట్ల సంతకం చేయండి. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఐదింటికి ఫోటో స్టూడియోకి రండి. ఇద్దరం కలిసి దిగిన ఫోటో కావాలట. నేను చెల్లెలి ఇంటి నుంచి నేరుగా అక్కడికే వస్తాను.

కుటుంబం అన్న చోట మీ అమ్మగారి పేరొక్కటే ఉంది. మీరు ఉద్యోగంలో చేరిన రోజు రాసిందట. ఆవిడ పోయి పంతొమ్మిదేళ్లు. "దీని ప్రకారం మీ ఆయనకింకా పెళ్లి కాలేదమ్మా" అన్నాడు గుమాస్తా. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

కుట్టు సెంటర్లో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు, "నా తర్వాత నీకు పెన్షన్ ఉందిగా, ఎందుకీ తిప్పలు" అన్నది మీరే. ఆ మాట నమ్మి మానుకున్నాను. ఇంటికొచ్చిన వాళ్లందరికీ "మా పెన్షన్" అని చెప్పుకున్నాను.

గుండె మాత్రలు రెండే మిగిలాయి. వచ్చేటప్పుడు తెస్తాను. ఇప్పుడొకటి వేసుకోండి.

మరిచాను: పెళ్లి తేదీ మీకు గుర్తుండదని నేనే నింపాను. రేపు కౌంటరు ఒంటిగంటకు మూసేస్తారు.