దుంపల మడిలో నీళ్లు

అమ్మా,

మేం కులాసా. ఫోనులో నీకు సగమే వినపడుతోంది, అందుకే ఈ కార్డు.

బంగాళాదుంపలు బతికాయి, ఇంక దిగులు మానెయ్. నువ్వు సాలూరు నుంచి పంపిన విత్తనం వరి కోశాక ఆలస్యంగా రెండో పంటగా వేశాం కదా. పోయిన నెల మామయ్యగారు మడి ఎండిపోతోందని జాలిపడి, వరికి కట్టినట్టే గట్ల నిండా నీళ్లు కట్టేశారు. దుంప కుళ్లిపోతుందని నేను పార పట్టుకుని పరుగెత్తి గట్టుకు గండి కొట్టాను. "బుద్దెరిగిన కాడ్నుంచి నీల్లు కడతన్నోడిని, నాకే సెప్తన్నావేటే?" అని అరిచి, ఆ రోజు నుంచి నాతో మాటలు మానేశారు. అన్నం కావాలన్నా మీ అల్లుడి చేత అడిగించేవారు.

నిన్న తవ్వాం. పల్లపు మూల కొన్ని కుళ్లాయి గానీ, తక్కినవి పిడికిలంతేసి, రాయిలా ఉన్నాయి.

విత్తనానికి తీసినవి ఇసుకలో దాచాలా, అటక మీద పరచాలా? తమ్ముడి చేత రాయించు. వాడొచ్చేటప్పుడు నా పాత శాలువా పంపు, ఇక్కడ మంచు దంచేస్తోంది. మోకాలికి నూనె రాస్తున్నావా?

పొద్దున్న మామయ్యగారు తువ్వాల్లో దుంపలు మూటగట్టి ఊరంతా చూపించి వచ్చారు. "గట్టు తెగ్గొట్టినాది మా కోడలే" అని వీధిలో చెబుతుంటే విన్నాను. లోపలికొచ్చి పార నా పక్కన గోడకు ఆనించి, "వొచ్చే ఏడు ఆ మడికి నీల్లు నువ్వే కట్టమ్మీ" అన్నారు.

చోటు అయిపోయింది. నీకూ నాన్నకూ దండాలు.

సుహాసిని