అల్లుడొచ్చాడు

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అలవాటు కొద్దీ రాశానులే, చివరిదాకా చదివాక ఆ మాట ఉంచాలో కొట్టేయాలో నువ్వే తేల్చుకో.

అమ్మ మోకాళ్ళ గురించి అడిగావు. మెట్లు ఎక్కేటప్పుడు నిన్ను తిట్టేది, దిగేటప్పుడు నన్ను. నీకు ఉద్యోగం వచ్చిందని తెలిశాక రెండు వాటాలూ నాకే. నీ పరుపు అప్పుడే ఎండలో వేసింది.

కార్ల ఫ్యాక్టరీ నిజంగా పెరుగుతోందా అన్నావు. పెరుగుతోందిరా. వెనక ఖాళీ స్థలంలో కొత్త షెడ్డు లేచింది. ఎనిమిది వందల ఉద్యోగాలట! పొద్దున్నే జనం బారులు తీరుతున్నారు, టీ కొట్టాయన రెండో పొయ్యి పెట్టాడు.

"అంతమందిలో నా పేరే ముందెలా వచ్చిందే, నీ పలుకుబడేనా?" అని ఎగతాళి చేశావు చూడు, దానికే ఈ ఉత్తరం. ఫోన్లో చెబుదామంటే అమ్మ పక్కనే ఉంటుంది.

ఫ్యాక్టరీలో నేను పనిచేసే ప్రెస్సు, అదే కారు రేకుల్ని నొక్కి వంచే మిషను, దాని చుట్టూ కంచె, ఆ కంచెకో తలుపు ఉంటాయి. తలుపు తీస్తే మిషను ఆగిపోవాలి. తలుపుకున్న ఇనప నాలుక స్విచ్చిలో దూరి ఉంటేనే అది నడుస్తుంది. అలాంటి నాలుకే విడిగా ఒకటి దోపేస్తే, తలుపు బార్లా తెరిచినా ఆగదు. పని తొందరగా అవుతుంది. దానికి మేం పెట్టుకున్న పేరు ఇల్లరికపు అల్లుడు. ఒకసారి దూరాడంటే కదలడు కదా! దోపేది నేనే, లైను పెద్దని. దోపగానే "అల్లుడొచ్చాడోయ్" అని కేకేస్తాను. అందరూ నవ్వుతారు, జాగ్రత్తపడతారు.

పోయిన నెల ఒక పొద్దున దోపి, కేకేయడం మర్చిపోయాను. నాకు పని నేర్పిన పెద్దాయన, నీకు తన పాత సైకిలిచ్చాడే, ఆయన ఇరుక్కున్న రేకు తీద్దామని తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఆగిందనే అనుకున్నాడు పాపం. మళ్ళీ బయటికి రాలేదురా.

మేనేజరు పిలిచి కాగితం ముందుకు జరిపాడు. "ఆయనే దోపుకున్నాడని రాయమ్మా. మీ తమ్ముడు ఖాళీగా ఉన్నాడటగా?" అన్నాడు. నా చేతులు పడిపోను, సంతకం పెట్టాను. నీ పేరు ముందొచ్చింది అందుకే.

నిన్న చిన్న అట్టపెట్టె ఒకటి తెచ్చి నా చేతికిచ్చారు. కొత్త షెడ్డులో పన్నెండు ప్రెస్సులు. పెట్టెలో పన్నెండు అల్లుళ్ళు, కొత్తవి, ఇంకా నూనె కూడా ఆరలేదు. ఒక ప్రెస్సు నీది. కొత్తగా వచ్చేవాళ్ళెవరికీ ఆ కేక అర్థం తెలియదు.

నిజం రాసిద్దామని రెండుసార్లు మేనేజరు గది దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. రేపు మళ్ళీ వెళ్తాను. నా మీద నాకే నమ్మకం లేదు, అందుకే నువ్వు రావద్దు. అమ్మకి ఏదో ఒకటి చెబుతాను.

ఇది చదివి కూడా వస్తానంటే ఒక్క మాట విను. నేను కేకేస్తే ఆ తలుపు లోపలికి వెళ్ళకు. కేకేయకపోతే అసలే వెళ్ళకు.

ఇట్లు,
ఆ పొద్దున కేకేయని
మీ అక్క