వంకాయ రంగు రాళ్లు

ఏమండీ... వందనాలు. మీరు ప్రభువు దగ్గరికి వెళ్లి ఐదు నెలలు దాటింది. మైపాడులో అప్పుడే ఎండలు మండిపోతున్నాయి. మీ మల్లెపాదులు బాగున్నాయి. నేనే బాగాలేను, మీ మీద కోపంగా ఉన్నాను.

తోట చుట్టూ రాతిగోడ మొదలైంది. ఉప్పుగాలికి ఇటుక గోడ పొడిపొడిగా రాలిపోతోంది, ఈసారి రాయే పెట్టిద్దామని పట్టుబట్టింది మీరే కదా. నాయుడుపేట వెళ్లి రాళ్లు ఎంచి వచ్చిందీ మీరే. వస్తూనే ఏమన్నారు? “వంకాయ రంగు, సుశీలా. గోడ లేచినాక చూడు... దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు.”

మొన్న లారీలో దిగిన రాళ్లు చూస్తే వంకాయా లేదు, తోటకూరా లేదు. పొయ్యిలో బూడిద రంగు.

మేస్త్రీ ఖాదర్ భాయ్‌ని నిలదీశాను. మీరు ఎంచినవి ఇవేనన్నాడు. మగమనిషి పోయిన ఇల్లు, ఈవిడకేం తెలుస్తుందిలే అనుకున్నారేమో! బస్సెక్కి నాయుడుపేట పోయి రాళ్లమ్మిన ఆయన్నీ అడిగాను. ఆయనదీ అదే మాట. ఇద్దరూ కూడబలుక్కున్నారనిపించింది. పని ఆపించేశాను. ఖాదర్ భాయ్ మీ స్నేహితుడని కూడా చూడలేదు. పాపం, ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు.

“నీ అనుమానానికి మందు లేదే” అనేవారు కదా... ఆ అనుమానంతోనే నిన్న సాయంత్రం బకెట్టు, కొబ్బరి పీచు పట్టుకుని రాళ్ల దగ్గర కూర్చున్నాను. పైన ఏదో పూత పూసుంటారు, రుద్దితే మోసం బయటపడుతుందని నా లెక్క. నీళ్లు పోశాను.

వంకాయ రంగు వచ్చిందండీ. నిగనిగలాడుతూ, అచ్చం మీరు చెప్పినట్టే. రుద్దే పనే లేకపోయింది. చూస్తుండగానే ఆరిపోయి మళ్లీ బూడిద రంగుకొచ్చింది. ఇంకో రాయి మీద పోశాను. అదీ అంతే.

అంటే... మీరు చూసిన రోజు ఆ రాళ్లు తడిసి ఉన్నాయి.

మీ ఉబ్బసానికి వాన తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆ రోజు ఇంటికి రాగానే, చొక్కా ఎందుకు తడిగా ఉందని అడిగాను. ఏం చెప్పారు నాకు? “బస్సులో చెమటలే. నాయుడుపేటలో చినుకు కూడా పళ్లేదు.” ఆ రాత్రే దగ్గు మొదలైంది. ఆ దగ్గే మిమ్మల్ని తీసుకుపోయింది.

కూరగాయల తూకం దగ్గర్నుంచి అందరినీ అనుమానించేదాన్ని, ఆ ఒక్క సాయంత్రం మీ మాట నమ్మేశానే! ఎంతసేపు నిలబడ్డారు ఆ వానలో? ఒక్కో రాయీ తిప్పి తిప్పి చూశారా? గోడ ఎక్కడికి పోతుందని అంత తొందర...

పొద్దున ఖాదర్ భాయ్ ఇంటికెళ్లి తప్పయిపోయిందని చెప్పాను. రేపు పనికి వస్తాడు. గోడ లేచాక రోజూ సాయంత్రం మల్లెలతో పాటు దానికీ నీళ్లు పోస్తాను. మీరు చూసిన రంగు నేనూ చూడాలి కదా.

మనం మళ్లీ కలుసుకున్న రోజు మాత్రం, ఆ చొక్కా సంగతి తేల్చకుండా వదలను.

మీ సుశీల