ముసలామె అడిగిన మాట

ఆళ్లగడ్డ, 1988 నవంబరు, శుక్రవారం

నేనేం రాసినా అది నా కాలేజీ తెలివే అనుకుంటాడు నాయన. "నంద్యాలలో నేర్చిన మాటలు వాని నోట్లో పెడతాండావ్" అన్నాడు. అందులో ఒక్క మాట కూడా నాది కాదు.

శ్రీలంకలోని మన శాంతి సేన నుంచి సెలవుపై వచ్చిన అన్న ఎల్లుండి చర్చిలో సాక్ష్యం చెప్పాలి. జ్వరం తగ్గినవాళ్ళే లేచి దేవునికి వందనాలు చెప్తారు, యుద్ధం నుంచి వచ్చినవాడు చెప్పకపోతే ఎట్లా అని పాస్టరుగారి పట్టు. నలుగురిలో తనకు నోరు పెగలదని, నన్ను రాసి చదవమన్నాడు అన్న. చెప్పింది చెప్పినట్టే రాశాను.

"శాంతి కాపాడేకని పంపిరి. ఒకింట్లో తుపాకుల కోసం వెతుకుతాంటే ముసలామె మాకు నీళ్ళిచ్చింది. మీరొచ్చిన రోజు దండలేసినాం, నా కొడుకును యాడికి తీసకపోయినారని అడిగింది. మాలో అరవ సిపాయి ఆ మాట నాకు తెలుగులో చెప్పినాడు. మేం నీళ్ళు తాగి వచ్చేస్తిమి."

నాయన ఆ ముసలామె మాట కొట్టెయ్యమన్నాడు. దేవుడు కాపాడినాడని రాస్తే చాలంట. "దేశం పరువు గుడిలో తీస్తావా?"

నా భయం వేరు. వచ్చే నెల అన్న మళ్ళీ అక్కడికే పోవాలి. ఎవరైనా పైవాళ్ళ చెవిన వేస్తే... ఆ మాటే అడిగితే అన్న నవ్వాడు.

"మన గుడి మైకు వెనక బెంచీకే వినపడదు పాపా, పటాలానికి వినపడుతుందా?"

మళ్ళీ తనే అన్నాడు. "ఆడ ఆమెకు జవాబు చెప్పలేకపోతి. ఈడ ఆమె మాటన్నా చెప్పల్ల."

ఆ మాట కొట్టెయ్యను. ఆదివారం మొత్తం చదువుతాను.