ఐసు కరిగేలోగా

తమ్ముడూ ఇలికేనా,

అమ్మ క్షేమం. ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకో.

తుపాను పోయాక ఇక్కడ కరెంటు లేదు, రాజధాని సువా నుంచి మన దీవికి ఓడ రాలేదు. అమ్మ ఇన్సులిన్‌ని గుడ్డలో చుట్టి ఐసుపెట్టెలో దాచాం.

"కెమిస్ట్రీ టీచరువి కదా, ఈ ఐసు ఎంతసేపు ఆగుతుందో చెప్పవే!" అంది నర్సు ఉనైసి.

పెట్టెలోకి చొరబడే వేడినీ, కరిగేటప్పుడు ఐసు మింగే వేడినీ లెక్కవేశాను. ఓడ వచ్చేలోపే అంతా నీళ్ళవుతుందని తేలింది. వేడి చల్లటి చోటికి పాకక మానదని, ఎంట్రోపీ పెరుగుతూనే ఉంటుందని పిల్లలకు ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పాను. ఆ రోజు అదే మాట గుండెలో గుచ్చుకుంది.

"వేడి వస్తుందని ఏడుస్తూ కూర్చుంటావా? అడ్డం పెట్టు" అని లితియా పిన్ని తన పెళ్ళికి కానుకగా వచ్చిన చాపలు తెచ్చి పెట్టెకు చుట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా తమ చాపలూ తెచ్చారు. ఎండలో సముద్రం కదలకుండా పడుకుంది. మేం ఆ చాపల గుట్ట చుట్టూ చేరి, లోపల పసిబిడ్డ నిద్రపోతున్నట్టు గుసగుసగా మాట్లాడుకున్నాం.

అమ్మకు సూది వేసేటప్పుడు తప్ప పెట్టె తెరవలేదు. ఓడ వచ్చిన రోజు చూశాం. మందు చల్లగా ఉంది. నీళ్ళలో గోరంత ఐసు తేలుతోంది. ఉనైసి దాన్ని తీసి అమ్మ నోట్లో పెట్టింది.

"ఎంత తియ్యగా ఉందే!" అంది అమ్మ.

చక్కెర జబ్బు మనిషి నోట ఆ మాట విని అందరం కళ్ళు తుడుచుకుంటూ నవ్వాం.

నీ అక్క