నెట్ రాని ఆదివారాలు

అమ్మాయికి,

దీవెనలు ఎప్పుడూ ఉండేవే కాబట్టి వాటిని పక్కనపెట్టి అసలు సంగతికి వస్తాను. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది.

నువ్వు ఈ ఇంటి కోడలిగా ఉన్నప్పుడు హాల్లో పెట్టిన కంప్యూటర్ సగం చచ్చింది. తెర వెలుగుతుంది. పేకాట ఆడుకోవచ్చు, ఏదైనా టైపు చేసుకోవచ్చు. నెట్ మాత్రం రాదు. నత్తనడక నడుస్తోందని మావాడు ఒకరోజు దాని ముందు కూర్చుని, లోపల ఉన్నదంతా తుడిచేసి విండోస్ మళ్ళీ ఎక్కించాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అడిగితే, "పాత మిషను నాన్నా, కొత్త విండోస్ దీని నెట్ కార్డుని గుర్తుపట్టదు. ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు. రెండుసార్లు చెప్పించుకుని, పెదవులు చదివి మరీ అర్థం చేసుకున్నాను.

ఆ పెట్టె పోతే పోయింది. కానీ ఆదివారం పొద్దున నా మనవరాలు పిచ్చుక నాకు కనబడేది అందులోనే కదా. దాని పెదవులు చూస్తూ నేను మాటలు ఏరుకునేవాణ్ణి. అచ్చు యంత్రాల మోత పక్కన జీవితమంతా నిలబడ్డ చెవులివి. ఫోను నా చెవికి పెట్టినా గోడకి పెట్టినా ఒకటే. మావాడి ఫోన్లో చూద్దామంటే అంత చిన్న తెరమీద పెదవులు కంటికి ఆనవు. పైగా వాణ్ణి అడగడం నాకు నామోషీ.

ఇదంతా నీకు తెలుసు. తెలిసీ, ఆదివారాలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే ఒక్క ముక్క రాయలేదు. విడాకులు నువ్వు మావాడికిచ్చావు. నాకెప్పుడిచ్చావు?

నువ్వెప్పుడో పంపిన పార్సిల్ మీద ఉన్న నీ అడ్రసు దాచుకున్నాను కాబట్టి సరిపోయింది. జవాబు రాయి.

కోపంతో,
ఇప్పటికీ నీ మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

నమస్కారం. కోపం మీకొక్కరికే ఉన్నట్టు రాశారు.

మొదటి ఆదివారం పిచ్చుక తల దువ్వించుకుని, తను వేసిన ఏనుగు బొమ్మ పట్టుకుని తెర ముందు కూర్చుంది. మీరు రాలేదు. రెండో ఆదివారమూ అదే బొమ్మ, అదే కుర్చీ. మీ అబ్బాయికి మెసేజ్ పెట్టాను. "ఇక్కడ నెట్ లేదు" అని జవాబు. తర్వాత పెట్టినదానికి అదీ లేదు. ఇన్నాళ్ళు నెట్ లేకుండా ఎవరి ఇల్లయినా ఉంటుందా? ఇక మీరూ అటే మొగ్గారనుకున్నాను. రక్తం రక్తమే, కోడలు పరాయిదే అనుకున్నాను. పిల్లకి తాతయ్య ఊరెళ్ళారని చెప్పాను. "ఏ ఊరు? అక్కడ కంప్యూటర్లు ఉండవా?" అంది. దాన్ని కసిరాను. ఆ కసురు మీకు చెందాల్సింది.

ఇక పని సంగతి. రోజంతా ఆసుపత్రిలో డాక్టర్ల కంప్యూటర్లు బాగుచేసి, ఇంటికొచ్చాక మీకిది రాస్తున్నాను, కాబట్టి శ్రద్ధగా చదవండి.

విండోస్ మళ్ళీ వేశాక నెట్ పోవడం మామూలే. నెట్ కార్డుని నడపడానికి డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అంతా తుడిచినప్పుడు అదీ పోతుంది. మళ్ళీ తెచ్చుకోవాలంటే నెట్ కావాలి. తాళంచెవి గదిలో పెట్టి తలుపు వేసుకున్నట్టు. అదే అయితే ఇక్కడ దించి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి పోస్టులో పంపుతాను. ముందు రోగమేమిటో తెలియాలి. తెర కింద విండోస్ గుర్తు మీద మౌస్ కుడి మీట నొక్కండి. వచ్చే వరసలో 'డివైస్ మేనేజర్' తెరవండి. అందులో 'నెట్‌వర్క్ అడాప్టర్స్' అన్నచోట, అంటే నెట్ కార్డు పేరు ఉండేచోట, ఏముందో, ఎక్కడైనా పసుపు గుర్తు పడిందో చూసి ఉన్నదున్నట్టు రాయండి. మీ అబ్బాయి ఫోనుకి ఇంట్లో నెట్ వస్తోందో లేదో కూడా చూడండి.

మీకు తోచినట్టు ఏదీ నొక్కకండి. మీ సంగతి నాకు తెలుసు.

మీ మీద కోపం తగ్గని
మీ కోడలు

*

అమ్మాయికి,

"మీ సంగతి నాకు తెలుసు" అట. రెండు నిలువుల ఎత్తున్న యంత్రాన్ని విప్పి బిగించినవాణ్ణి, ఒక మీట నొక్కడానికి నీ అనుమతి కావాలి నాకు. సరే, నొక్కలేదు.

మావాడు ఆఫీసుకి పోయాక కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను. నువ్వు చెప్పిందల్లా చేశాను. పసుపు గుర్తు ఎక్కడా లేదు. కావలిస్తే వచ్చి చూసుకో. 'నెట్‌వర్క్ అడాప్టర్స్' కింద పొడుగాటి ఇంగ్లీషు పేరు ఒకటుంది. దాని పక్కన అగ్గిపుల్ల తలంత బొమ్మ, ఆ బొమ్మ మీద కిందికి చూస్తున్న నల్ల బాణం. అచ్చుతప్పులు పట్టిన కళ్ళు కాబట్టి కనబడింది, ఇంకొకరైతే దుమ్మనుకుని తుడిచేవారు. వాడి ఫోనుకి నెట్ భేషుగ్గా వస్తోంది. అన్నం తింటూ కూడా దాన్నే చూస్తాడు.

సాయంత్రం వాడికి, నేను ఫలానాచోట తెరిచి చూశానని చెప్పాను. నా చేతిలో మౌస్ లాక్కున్నాడు. "ముట్టుకోకు నాన్నా, ఉన్నది కూడా పోతుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మీ అత్తయ్య పోయాక ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ఆ తెర ఒక్కటే. దాన్ని కూడా ముట్టుకోకూడదట.

నీ మీద కోపం వేరే ఉంది. కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం ఇక్కడ దొరకదా? ఇక్కడ ఆసుపత్రులు లేవా, వాటిలో డాక్టర్లు లేరా? నువ్వు అంత దూరం పోకపోతే నేను ఈ వయసులో బాణాలు వెతుక్కునేవాణ్ణా?

పెన్‌డ్రైవ్ పంపు.

మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

పెన్‌డ్రైవ్ పంపడం లేదు. అవసరం లేదు.

ఈ ఉత్తరం ఒకసారి రాసి చించేశాను. అందులో రాసిన మాటలు మీ వయసువారికి పంపేవి కావు.

కార్డుని విండోస్ గుర్తుపట్టకపోతే పసుపు గుర్తు పడుతుంది. మీ దగ్గర పడలేదు. అంటే గుర్తుపట్టింది, డ్రైవర్ కూడా దానంతటదే వేసుకుంది. మీరు చూసిన నల్ల బాణం వేరు. కార్డుని ఎవరైనా చేత్తో ఆపేస్తే ఆ బాణం పడుతుంది. కొత్తగా వేసిన విండోస్‌లో అది తనంతట తాను పడటం నేనెప్పుడూ చూడలేదు. ఫ్యాను పాడవడం వేరు, స్విచ్చి కట్టేయడం వేరు.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు. మీకైతే డివైస్ మేనేజర్ ఎక్కడుంటుందో నేను చెప్పేదాకా తెలియదు.

నాతో గొడవ ఉంటే నాతో పడమనండి. మా ఇద్దరి మధ్య అనుకోవలసినవన్నీ అనుకునే విడిపోయాం, మిగిలినవేమైనా ఉంటే అవీ వింటాను. ఏనుగు బొమ్మ పట్టుకుని కూర్చున్న పిల్ల ఏం చేసింది? చెవులు వినపడని తండ్రికి అబద్ధం చెప్పడం ఎంత తేలికో చూశారా. ఆయన నోటితో చెప్తే చాలు, మీరు పెదవులు చదివి నమ్ముతారు.

బాణం ఉన్న ఆ పేరు మీద కుడి మీట నొక్కండి. 'ఎనేబుల్' అని వస్తుంది, మళ్ళీ పనిచేయించమని అర్థం. దాన్ని నొక్కండి. అంతే, నెట్ వచ్చేస్తుంది. ఆయన్ని ఏమీ అడగకండి. అడిగితే ఇంకో అబద్ధం పుడుతుంది.

మీ కోడలు

*

అమ్మాయికి,

నువ్వు అడగొద్దన్నావు. నేను అడిగాను. నా ఇల్లు, నా కొడుకు.

వాడు ఆఫీసు నుంచి రాగానే చొక్కా కూడా మార్చుకోనివ్వకుండా తెర ముందు కూర్చోబెట్టి, ఆ బాణం మీద వేలు పెట్టి, "ఇదేమిట్రా?" అన్నాను. వాడు లేచి లోపలికి పోబోయాడు. నాకు గొంతు ఎంత పెరిగిందో తెలియలేదు. ఎదురింటివాళ్ళు కిటికీ తీశారంటే లెక్క వేసుకో. నా మనవరాలి ముఖాన్ని నాకు కనబడకుండా చేయడానికి నువ్వెవడివిరా అన్నాను. ఇంకా చాలా అన్నాను.

అప్పుడు వాడు గబగబా ఏదో మాట్లాడాడు. పెదవులు వణుకుతుంటే నేనేం చదవను? "రాయి" అన్నాను. వాడు ఆ కంప్యూటర్‌లోనే టైపు చేశాడు. అందులో ఉన్నదున్నట్టు నీకు రాస్తున్నాను:

"నువ్వు స్పీకర్లు పూర్తిగా పెంచుతావు. అయినా నీ చెవికి తగిలేది గాలే. పక్క గదిలో నాకు ప్రతి మాటా వినపడుతుంది. పిచ్చుక తన ఊడిన పన్ను గురించి చెప్తుంది. బడిలో ఎవరితో పోట్లాడిందో చెప్తుంది. నా పేరు ఒక్కసారి కూడా ఎత్తదు. నేను చచ్చిపోయినట్టు ఆ మంచం మీద పడుకుని వింటాను. నెట్ ఆపేస్తే ఆదివారం కాస్త ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు."

చదివాక జాలి వేయలేదని అబద్ధమాడను. కానీ కోపం పోలేదు. "గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే కుర్చీ ఉంది కదరా, ఒక్క ఆదివారమైనా వచ్చి కూర్చున్నావా?" అన్నాను. "వాళ్ళమ్మ ఒప్పుకోదు" అని టైపు చేశాడు. "అడిగావా?" అన్నాను. వాడు కీబోర్డు పక్కకి నెట్టాడు.

మౌస్ వాడి చేతికే ఇచ్చాను. "ఆపింది నువ్వు. నువ్వే పెట్టు" అన్నాను. వాడు నొక్కాడు. బాణం పోయింది. నెట్ వచ్చింది. వీడియో ప్రోగ్రాం కూడా మళ్ళీ వాడే ఎక్కించాడు.

ఈ ఆదివారం రెండు కుర్చీలు వేస్తున్నాను. నీకు ఇష్టం లేకపోతే నువ్వు తెర ముందుకి రానక్కర్లేదు. పిల్లని కూర్చోబెట్టు. వాడు చేసింది తప్పు కాదని నేననడం లేదు. వాణ్ణి ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టాను, నీ వంతు కూడా తిట్టాను. ఇక నువ్వు పిల్లని దాచేసి నా మీద కక్ష తీర్చుకుంటే మాత్రం, వాడికీ నీకూ తేడా ఏముంటుంది?

మామయ్య

*

అమ్మాయికి,

ఆదివారం అయిపోయింది. నువ్వు తెర ముందుకి రాకపోయినా ఆ పక్కనే నిలబడ్డావని నీ మోచెయ్యి చూసి పట్టేశాను.

ఒక్క సంగతి తెలియక నాకు అన్నం సయించడం లేదు. మావాడు మొదట నా వెనక కూర్చున్నాడు. పిచ్చుక కనబడగానే లేచి తెర మీదకి వంగిపోయాడు. వాడి తలకాయ అడ్డమొచ్చి నాకేమీ కనబడలేదు. అప్పుడు పిల్ల ఏదో అంది. వాడు ఉలిక్కిపడినట్టు పక్కకి తప్పుకున్నాడు. మళ్ళీ తెర కనబడేసరికి దాని మాట అయిపోయింది. అది నాకు ఏనుగు బొమ్మ చూపిస్తోంది.

ఆ తర్వాత వాడు పెరట్లోకి పోయి ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. "ఏమందిరా?" అంటే "ఏం లేదు" అంటాడు. నిన్నటి నుంచీ అదే మాట. చెప్పకుండా దాచుకుంటున్నాడని నాకు మళ్ళీ కోపమొస్తోంది.

నువ్వు అక్కడే ఉన్నావు. అదేమందో రాయి. కటువుగా అన్నా సరే, మార్చకుండా రాయి.

మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

ఇది తెర ముందు చెప్పే సంగతి కాదు. మీ స్పీకర్ల మోతకి వీధంతా వింటుంది. అందుకే ఉత్తరం.

"వాడికీ నీకూ తేడా ఏముంటుంది" అని రాశారు చూడండి, ఆ మాటకి మీకు ఫోన్ చేసి అరవాలనిపించింది. అరిచినా మీకు వినపడదు కాబట్టి ఊరుకున్నాను. మీరు రాసినందుకు కాదు, ఆ మాట నిజమవుతుందేమోనన్న భయంతో పిల్లని కూర్చోబెట్టాను. ఆయన ఒక్క మాట తేడాగా అన్నా ఆపేద్దామని చెయ్యి స్విచ్చి మీదే పెట్టుకుని నిలబడ్డాను. మీరు చూసిన మోచెయ్యి అదే.

నేను తిరిగి వస్తానని ఆశపడకండి. ఆయన్ని నేను క్షమించలేదు. జుట్టు అంత నెరిసిందని నాకు తెలియదు. అది చూసి జాలి వేసినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

ఆయన వస్తారని పిచ్చుకకి ముందు చెప్పలేదు. చూడగానే ఏడుస్తుందనుకున్నాను. లేకపోతే, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడుగుతుందనుకున్నాను. మీ దగ్గర దాపరికమెందుకు, అడగాలనే కోరుకున్నాను. ఆయన దగ్గర జవాబు లేకపోవడం నా కళ్ళతో చూడాలనుకున్నాను.

ఆయన ముఖం తెరంతా నిండిపోయింది. చూస్తూ ఉండిపోయారు. పిచ్చుక తల ఒక పక్కకి వంచి కాసేపు చూసింది. తర్వాత, రోజూ సాయంత్రం నేను దీపానికి అడ్డం నిలబడితే నాతో ఎలా అంటుందో అచ్చం అదే గొంతుతో అంది:

"నాన్నా, కొంచెం జరుగు. తాతయ్య కనపడట్లేదు."

అంతే అంది. నిన్న మొన్నటిదాకా ఆ కుర్చీలోనే కూర్చున్న మనిషితో అన్నట్టు అంది. కోపం లేదు, కొత్త లేదు. ఇన్నాళ్ళూ నేను దాచిపెట్టిన కోపం ఒక్కటి కూడా దానికి అంటలేదు. స్విచ్చి మీద చెయ్యి ఎప్పుడు తీశానో నాకే తెలియదు.

వచ్చే ఆదివారం కుర్చీలు ఒకదాని వెనక ఒకటి కాకుండా పక్కపక్కన వేయించండి.

మీ కోడలు