మక్కా ఆకు

దోహా,
ఫిబ్రవరి 1996

అవ్వా,

నీ కాళ్లకు మొక్కుతున్నాను, బాపు కాళ్లకూ. మొక్కడం ఇంతటితో అయిపోయింది, మిగతాదంతా కోపమే. చెల్లె సుమలతా, చదివి వినిపించేది నువ్వే కాబట్టి చెబుతున్నా: మెత్తగా చేసి చదవకు. ఒక్క ముక్క మింగినా నా మీద ఒట్టు.

సెలవు మీద వస్తున్న మన ఊరి జలంధర్ చేతికి ఈ ఉత్తరంతోపాటు ఒక పొట్లం ఇచ్చాను. మీరు నెలల తరబడి అడుగుతున్న సునాముఖి ఆకు అందులో ఉంది. బాపు కడుపు ఉబ్బి మంచం పట్టాడని రాశారు. అసలు మక్కా సునాముఖి అయితేనే గుణం కనబడుతుందని ఊళ్లో హకీం ఫరీదుద్దీన్ అన్నాడని రాశారు. "దుబాయ్‌ల ఉన్నవు, మక్కా పక్కనే గద బిడ్డా" అని రాయించావు. అవ్వా, ఇది దుబాయ్ కాదు, ఖతర్. మక్కా ఇక్కడికి పక్క ఊరేమీ కాదు. అది వదిలేయ్, ఆకు సంగతి విను.

నేను పనిచేసేది మందు దినుసుల దుకాణంలో. బస్తాలు మోస్తాను, జల్లిస్తాను, పుల్లలూ రాళ్లూ ఏరుతాను. ఆ దుమ్ము గొంతులో పేరుకుని తిన్న అన్నం కూడా చేదుగా ఉంటుంది. బడి మానేసినవాణ్ని, బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కునే ఇంగ్లీషు నేర్చుకున్నాను. సునాముఖి బస్తా మీద ఏముందో తెలుసా? తూత్తుకుడి. తమిళనాడు రేవు. మన దేశపు ఆకు! అది ఓడెక్కి ఇక్కడికొచ్చి, సీసాలో దిగి, "సనా మక్కీ" అని చీటీ అతికించుకుంటుంది. దాన్ని నేను మళ్లీ మీకు పంపాలి!

మొన్న ఒక ముసలామె వచ్చి సనా మక్కీ అడిగింది. కడుపు మండి "మక్కీ మాఫీ, హిందీ" అనేశాను. మక్కాది కాదు, ఇండియాది అని. ఆమె సీసా అక్కడే పెట్టి వెళ్లిపోయింది. నన్ను పనికి తెచ్చుకున్న కఫీల్, దుకాణం యజమాని, చూశాడు. అప్పటినుంచి నాకు వెనక గోదామే గతి, దుకాణం ముందుకు రానివ్వడు. గల్లా దగ్గర కూర్చునే హైదరాబాద్ ఫసీయుద్దీన్ చాచా మాత్రం ఒకటే నవ్వు.

"అరే పాగల్! ఆ ఆకు ఎన్కట ఈ అరబ్బుల దిక్కు నుంచే మన దేశమొచ్చింది. ఓడలోళ్లు తెచ్చిండ్రు, హకీములు వాడిండ్రు, తర్వాత ఆడ్నే సాగు చేసిండ్రు. సనా మక్కీ మనోళ్ల నోట్ల పడి సునాముఖి అయింది. మరి మన కరక్కాయ ఈడ ఇహ్లీలజ్ అని అమ్ముడు పోతలేదా? మన చింతపండును వీళ్లు తమర్ హిందీ అంటలేరా, హిందుస్తాన్ ఖర్జూరమని?"

"పేరొకటి, సరుకొకటి. అబద్ధమే గద చాచా."

"నీ పేరు గంగాప్రసాద్. గంగను ఎన్నడన్న చూసినవా బే?"

"మా దిక్కు గోదారినే గంగ అంటరు."

"మరి మీ ఊరోళ్లంత అబద్ధాలకోర్లేనా?"

ఆ మాటతో ఒళ్లు ఇంకా మండింది.

అందుకే చెబుతున్నా. ఇందులో మక్కా లేదు, మహిమ లేదు. విరేచనాలకు పెట్టే ఆకు, అంతే. లోపల గడ్డో ఏదో పెరుగుతుంటే ఆకు పేరు చెప్పి బాపును మంచంలోనే చంపకండి. ఉత్తరం అందిన రోజే నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోండి. తీసుకుపోకపోతే నేను మీకు కొడుకునే కాను.

గంగాప్రసాద్

* * *

దోహా,
మే 1996

అవ్వా, చెల్లె,

జలంధర్ వచ్చాడు. బ్యాగు కింద పెట్టకముందే చెప్పాడు, బాపు పోయాడని. "దినాలు గూడ అయినయ్ రా. ఉత్తరంల రాయకుంట నన్నే ముఖం మీద చెప్పుమన్నరు" అన్నాడు. నేను ఏడవలేదు. అతని అంగీ పట్టుకుని అడిగాను, ఆసుపత్రికి ఎందుకు తీసుకుపోలేదని.

"ఎన్నడో కొంచవోయిండ్రు రా! నువ్వు ఇమానం ఎక్కకముందే. గడ్డ ముదిరింది, ఇంటికి తీస్కపోండ్రి అన్నడు డాక్టరు. పోరనికి తెలిస్తే పోడు, చెప్పద్దని మీ బాపే అందరితోని ఒట్టేయించుకున్నడు."

అంటే నన్ను బస్సెక్కించిన రోజు మీ ముగ్గురికీ తెలుసు. బాపు ఆ కడుపుతో నా సంచి మోశాడు. నేను మోయనిచ్చాను. నా కోపం పోలేదు అవ్వా, పోదు కూడా. ఇంటికి వస్తానని, అతని దగ్గరున్న నా పాస్‌పోర్టు అడిగితే కఫీల్ "బుక్రా" అన్నాడు. రేపు అని. అతని రేపు ఎప్పుడూ రాదు.

ఆకు అడగమన్నది కూడా బాపేనట. డాక్టరు చేతులెత్తేశాక ఆ ఒక్క పేరు పట్టుకున్నాడట. పొట్లం తలకింద పెట్టుకుని, చూడవచ్చిన ప్రతివాడికీ "నా కొడుకు మక్కాకెళ్లి పంపిండు" అని వాసన చూపించాడట.

సుమలతా, నా ఉత్తరం నువ్వు బాపు ముందే చదివావట. పక్కన కూర్చున్న జలంధర్ విన్నాడు. తూత్తుకుడి మింగావు. చంపకండి అన్నది మింగావు. "అసలు మక్కాదే బాపూ, అన్న తన చేత్తోని ఏరి పంపిండు" అని, రాయనిది రాసినట్టే చదివావట. నా మీద ఒట్టు పెట్టినా మింగావు.

మంచిపని చేశావు.

అవ్వా, బూడిద నాకోసం ఉంచారట. ఉంచకండి. గంగలో కలపండి. పొట్లంలో ఆకు మిగిలి ఉంటే అదీ బాపుతోనే పోనీయండి.

చెల్లె, ఈసారి మాత్రం ఉన్నది ఉన్నట్టు చదువు. ఆ ఆకు మక్కాదే. ఒక్క పుల్ల లేకుండా నేనే ఏరాను.

మీ గంగడు